పోలిక వోచర్ కాదు

వియత్నాం వెళ్ళొచ్చిన మనవాళ్ళు రాసేవి ఎక్కువగా రెండే. ఒకటి, అమెరికాని ఎదిరించి నిలిచిన కథ, కూచీ సొరంగాలు. రెండు, చంపా రాజ్యం, శివలింగాలు, "ఒకప్పుడు అదంతా మనదే" అనే పులకింత. నేను మూడోది రాస్తున్నాను: అక్కడి సంతల్లో అమ్మే చిరుతిళ్ళ గురించి. హేతువాదికి చిరుతిళ్ళతో ఏం పని అని మిత్రులు అడగొచ్చు. పని ఉంది. ఆధారం లేని నమ్మకాలు గుళ్ళోనే ఉండవు, తినే పళ్ళెంలోనూ ఉంటాయి. పైగా పళ్ళెంలో ఉన్నవాటిని మనం ప్రశ్నించం. "సంప్రదాయం" అని పేరు పెట్టి మింగేస్తాం.

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. చరిత్రకారుణ్ణి కాను, వంటవాణ్ణి అసలే కాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే. ఎవరైనా ఒక ఖర్చు చూపిస్తే "దీనికి వోచర్ ఏదండీ?" అని అడగడం. అడిగినందుకు కోప్పడేవాళ్ళు, "మా మాట మీద నమ్మకం లేదా?" అనేవాళ్ళు. నమ్మకం ఉందో లేదో వేరే సంగతి, వోచర్ లేనిదే పద్దు పాస్ కాదు. ఈ వ్యాసంలో నేను చేసిందల్లా అదే ప్రశ్నని తిండి దగ్గర అడగడం.

2025 ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ సీనియర్ సిటిజన్ల బృందంతో వెళ్ళాం. ఇరవై మందిమి, అందరం తెలుగువాళ్ళమే. వెంట ఒక వంటవాడు, రోజూ పులిహోర, పెరుగన్నం పొట్లాలు. ఇంత ఏర్పాటు ఉన్నా పొద్దున్నే గైడుని వెంటబెట్టుకుని సంతకి వెళ్ళినవాళ్ళం నలుగురమే.

న్యా ట్రాంగ్ సంత పక్కన ఒకావిడ బొగ్గుల కుంపటి మీద మట్టి పెనం పెట్టుకుని కూర్చుంది. పెనం నిండా గుంటలు, ప్రతి గుంటకీ ఒక చిన్న మట్టి మూత. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి గుంటల్లో పోసి, మూత పెట్టి, కాసేపాగి గీరి తీస్తోంది. దాన్ని బాన్ కాన్ అంటారు. నూనె దాదాపు ఉండదు. అడిగినదాన్ని బట్టి మీద కౌజుపిట్ట గుడ్డో, రొయ్యో, స్క్విడ్ ముక్కో వేస్తుంది. జతల లెక్కన అమ్ముతుంది. పచ్చిమామిడి తురుము, ఉల్లికాడలు, నంజుకోవడానికి చేపల నుంచి తీసిన పులుసులాంటి సాస్. మా ఆవిడ మాంసాహారం ముట్టదు. గైడు చెబితే ఆవిడ ఏమీ వేయకుండా ఉత్త పిండితో నాలుగు పోసి, ఉల్లికాడలు చల్లి ఇచ్చింది. మా ఆవిడ వాటిని పచ్చిమామిడితో తిని, ఇంకో నాలుగు అడిగింది.

మాతో వచ్చిన ఒక రిటైర్డ్ లెక్చరర్ గారిది అనంతపురం. మంచి మనిషి, దారిలో అందరి సామాన్లకీ ఆయనే కాపలా. పెనం చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఆడిటర్ గారూ, చూసినారా! ఇవి మన గుంత పొంగనాలే కదా! చంపా రాజుల కాలంలో మనోళ్ళే నేర్పింటారు."

"అయితే ఓ జత తినండి మాస్టారూ" అన్నాను.

"వద్దు సార్. ఏం చేత్తో ఏం ముట్టుకున్నారో ఏమో. మనకు పట్టదు."

"మా ఆవిడకి పోసినట్టు ఉత్త పిండితో పోస్తుందండీ. గుడ్డు లేదు, రొయ్య లేదు."

"ఉత్తదైనా సరే సార్. మన చేతి వంట కాదు కదా!"

ఆయన బస్సెక్కి పులిహోర పొట్లం విప్పారు. నేను అక్కడే నిలబడి ఆలోచనలో పడ్డాను. ఆ తిండి మనది అనడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టలేదు. ముట్టుకోకూడదు అనడానికీ ఒక్క క్షణం పట్టలేదు. రెండు మాటలకీ వోచర్ లేదు. నేను చెప్పదలచింది ఇదే: "అంతా మనదే" అనే గొప్పా, "మనకి పట్టదు" అనే మడీ ఒకే పుస్తకంలో రాసిన రెండు దొంగ పద్దులు. ఒక్కొక్కటే తనిఖీ చేద్దాం.

ముందు మొదటి పద్దు. చంపాకి భారతదేశంతో సంబంధం ఉందా? ఉంది, సందేహం లేదు. న్యా ట్రాంగ్ దగ్గరే వో కాన్ అనే ఊళ్ళో దొరికిన సంస్కృత శాసనం ఆగ్నేయాసియాలో దొరికిన అతి పాత సంస్కృత శాసనాల్లో ఒకటి. ఇప్పుడది హనోయి మ్యూజియంలో ఉంది. న్యా ట్రాంగ్‌లోనే పో నగర్ గుళ్ళున్నాయి. ఉత్తరాన మీ సాన్ ఆలయాలని యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ మన పురావస్తు శాఖ వాళ్ళు పనిచేస్తుండగా 2020లో 9వ శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. ఇవన్నీ వోచర్లు. రాయి ఉంది, రాత ఉంది, తవ్వి చూసినవాళ్ళు ఉన్నారు. హేతువాదిగా నాకు వీటిని ఒప్పుకోవడంలో ఏ ఇబ్బందీ లేదు.

కానీ గుడికి ఉన్న వోచర్‌ని పెనానికి జత చేయకూడదు. మా ఆఫీసులో ఒక బిల్లుకి వచ్చిన రసీదుని ఇంకో బిల్లుకి గుచ్చితే దాన్ని మోసం అనేవాళ్ళం. శాసనంలో రాజు ఉన్నాడు, దానం ఉంది. పొంగనాల పెనం లేదు.

పోనీ తిండినే పరిశీలిద్దాం. మన పొంగనాల పిండిలో మినప్పప్పు పడుతుంది, రాత్రంతా పులుస్తుంది. ఆ పులుపే దాని ప్రాణం. బాన్ కాన్‌లో మినప్పప్పు లేదు, మన పద్ధతిలో పులియబెట్టడమూ లేదు. ఉత్త బియ్యప్పిండి, కొన్నిచోట్ల అందులో కాస్త చద్దన్నం కలిపి రుబ్బుతారు. అంటే కలిసింది పెనం ఒక్కటే. గుంటల పెనం ఎక్కడెక్కడ ఉందో చూడండి. థాయ్‌లాండ్ వాళ్ళు ఖనోమ్ క్రోక్ చేస్తారు. జపాన్ వాళ్ళు తకోయాకి చేస్తారు. హాలండ్ వాళ్ళకి పోఫర్చెస్, డెన్మార్క్ వాళ్ళకి ఎబుల్‌స్కీవర్ ఉన్నాయి. డెన్మార్క్‌కి కూడా మనమే నేర్పామంటారా? అనేవాళ్ళు అనగలరు. తమిళనాట తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డెన్మార్క్ వాళ్ళ చేతిలో ఉండేది. "అక్కడ తిని వెళ్ళి ఉంటారు" అంటే కథ పూర్తయింది. కథ అల్లడం ఎంత తేలికో చూపడానికే చెప్పాను. ఇంకా తేలికైన కారణం ఒకటుంది. పిండి జారుగా ఉంటుంది. చిన్న మంట మీద, తొందరగా, ఒక్కో ముద్ద విడివిడిగా కాలాలంటే దానికి గుంట కావాలి. ఈ సంగతి కనుక్కోవడానికి ఏ దేశపు వంటమనిషికైనా ఏ రాజూ నేర్పక్కర్లేదు.

మాటల్లోనూ ఇదే తంతు. అక్కడ ముక్కూమొహం తెలియని వాళ్ళని కూడా మనలాగే వరస పెట్టి పిలుస్తారు. గైడు మాకు నేర్పిన మొదటి పిలుపు "చీ ఓయ్". చీ అంటే అక్క. ఓయ్ అంటే పిలుపే. అంటే అచ్చంగా "అక్కోయ్"! మా బృందంలో నవ్వులే నవ్వులు. "చాయ్" అంటే వాళ్ళ భాషలో శాకాహారం. చంద్రుడి లెక్కన నెలలో మొదటి రోజునా పదిహేనో రోజునా చాలామంది బౌద్ధులు చాయ్ తింటారు. మా ఆవిడకి ఆ ఒక్క మాట పది రోజులూ అక్కరకొచ్చింది. అయితే "ఓయ్" కలిసింది కాబట్టి వియత్నామీస్ తెలుగు నుంచి పుట్టిందా? ఆ లెక్కన మన టీ కొట్లన్నీ శాకాహార ఆశ్రమాలు కావాలి.

భాషా సంబంధాలకి నిజమైన వోచర్ ఎలా ఉంటుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఇందులో మనకో చురక ఉంది. వియత్నామీస్ ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానికి చెందిన భాష. కంటిని వియత్నామీస్‌లో "మత్" అంటారు, మేఘాలయలోని ఖాసీలో "ఖ్మత్", జార్ఖండ్‌లోని ముండారీలో "మెద్". ఒక్క మాటతో తేల్చలేదు భాషా శాస్త్రజ్ఞులు. అనేక మాటల్లో శబ్దాలు ఒక క్రమంలో మారడం చూసి నిర్ధారించారు. ఆ కుటుంబానికి చెందిన భాష మన శ్రీకాకుళం, విజయనగరం కొండల్లోనూ ఉంది. సవర భాష. గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి శ్రమపడి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసింది ఆ భాషకే. అంటే వియత్నాం భాషకి ఆంధ్రదేశంలో రుజువైన చుట్టరికం సంస్కృత పండితులతో కాదు, సవరలతో. చంపా రాజులని మనవాళ్ళంటూ మురిసిపోయే పెద్దమనుషుల్లో సవర ఇంట్లో మంచినీళ్ళు తాగినవాళ్ళు ఎందరు? రుజువున్న చుట్టరికాన్ని గడప బయట నిలబెట్టి, రుజువు లేనిదాన్ని తలకెక్కించుకుంటాం.

హనోయిలో నాకూ ఒక పరీక్ష ఎదురైంది. డోంగ్ సువాన్ మార్కెట్ పక్క సందులో బాన్ కువోన్ చేస్తున్నారు. మరుగుతున్న నీళ్ళ గిన్నెకి గుడ్డ బిగించి కట్టారు. దాని మీద పల్చటి బియ్యప్పిండి గరిటెతో పరిచి, మూత పెట్టి, నిమిషంలోపే సన్నటి వెదురు పుల్లతో ఆ పొరని లేపి తీస్తున్నారు. లోపల పంది మాంసం కైమా, పుట్టగొడుగులు పెట్టి చుడతారు. ఏమీ పెట్టకుండా, వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇచ్చే రకం కూడా ఉంది. ఆ ఆవిరి మొహానికి తగలగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా కాకినాడ వైపు ఇళ్ళల్లో గిన్నెకి వాసెన కట్టి ఆవిరి కుడుము వేసేవాళ్ళు. అదే గుడ్డ, అదే ఆవిరి. గొంతులో ఏదో అడ్డం పడిన మాట నిజం. కానీ మా అమ్మ జ్ఞాపకం నాకు ఎంత విలువైనదైనా అది చరిత్రకి సాక్ష్యం కాదు. మా ఇంట్లో వేసింది మినప్పిండి, లావుగా పొంగే కుడుము. ఇది కాగితంలాంటి బియ్యపు పొర. ఆవిరికి దేశం లేదు. నీళ్ళు మరిగితే ఎక్కడైనా పైకే వస్తుంది.

ఇంతవరకూ మన గొప్పలే చెప్పాను. వాళ్ళకీ ఉన్నాయి. ఒక కన్ను మూసుకుని ఆడిట్ చేయకూడదు కదా! హోయి ఆన్ ఊళ్ళో కావ్ లావ్ అనే నూడుల్స్ ప్రసిద్ధి. అసలైన కావ్ లావ్ కావాలంటే ఆ ఊళ్ళోని బా లే అనే పాత బావి నీళ్ళే కావాలట. ఎదురుగా ఉన్న చామ్ దీవుల్లోని చెట్ల బూడిదే కావాలట. ఈ కథలో సగం రసాయన శాస్త్రం, సగం మహిమ. బూడిద నీళ్ళు క్షారం. పిండికి క్షారం తగిలితే నూడుల్స్‌కి గట్టిదనం, పసుపు రంగు వస్తాయి. మన అప్పడాల పిండిలో పాపడ్‌ఖార్ వేసేది కూడా ఇలాంటి పనికే. అది నిజం. కానీ "ఆ బావి తప్ప వేరే నీళ్ళు పనికిరావు" అన్నది పరీక్షకి నిలబడాల్సిన మాట. పరీక్ష కష్టమేమీ కాదు. ఒకే పిండి, ఒకే బూడిద, రెండు రకాల నీళ్ళు. ఏది ఏదో చెప్పకుండా పదిమందికి పెట్టి చూడాలి. మన దగ్గర కాజాల గురించీ, పూతరేకుల గురించీ "ఆ ఊరి నీళ్ళ మహిమ" అనేవాళ్ళని కూడా ఇదే అడగాలి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది నీళ్ళ మహిమకి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఆ రేకు వెనుక ఉన్నది తరతరాలుగా ఆడవాళ్ళు వేడి కుండ మీద చేతులు కాల్చుకుని సంపాదించిన నేర్పు. నీళ్ళ మహిమ అంటే వాళ్ళ కష్టాన్ని బావి ఖాతాలో జమ వేసినట్టే.

సంప్రదాయం వయసు కూడా చూద్దాం. వియత్నాం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే బాన్ మీ రొట్టె ఫ్రెంచివాళ్ళ పాలనలో వచ్చింది. లోపల పూసే పాతే, మయొనీజ్ కూడా వాళ్ళవే. పచ్చిముల్లంగి, కొత్తిమీర, మిరపకాయ పెట్టి దాన్ని తమదిగా చేసుకున్నారు వియత్నాం జనం. హ్యూ నగరంలో రొయ్య కనిపించేలా అద్దంలా మెరిసే బాన్ బోత్ లోక్ అనే ఉండ్రం ఉంది, అరిటాకులో చుట్టి ఆవిరి పెడతారు. చూస్తే వెయ్యేళ్ళ నాటిదనిపిస్తుంది. దాని పిండి కర్రపెండలం. ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. నవ్వే ముందు మన సంగతి చూసుకుందాం. సగ్గుబియ్యం కూడా ఆ కర్రపెండలమే. ఉపవాసం రోజున అన్నం పనికిరాదంటూ మన ఇళ్ళల్లో చాలామంది తినేది సగ్గుబియ్యం, బంగాళాదుంప, వేరుశనగ. మూడూ అమెరికా ఖండాల పంటల నుంచి వచ్చినవే. యూరప్ ఓడలు అటు వెళ్ళేదాకా మన దేశంలో వాటి ఊసే లేదు. మిరపకాయ కూడా అంతే. ఏ శాస్త్రం రాసిన ఋషీ సగ్గుబియ్యం చూసి ఎరగడు. అయినా అది పవిత్రం, న్యా ట్రాంగ్‌లో కళ్ళెదుట కాలిన ఉత్త బియ్యప్పిండి అపవిత్రం!

ఇక రెండో పద్దు, మడి. ఒకటి స్పష్టం చేయాలి. మాంసం వద్దనుకోవడం, ఒక రుచి నచ్చకపోవడం ఎవరిష్టం వారిది. "నాకు వద్దు" అనేది అభిరుచి. దానికి వోచర్ అడగను. "అది మైల" అనేది వాదన. దానికి అడుగుతాను. లెక్చరర్ గారి విషయంలో మాంసం అడ్డు కాదని ఉత్త పిండి జతతోనే తేలిపోయింది. అడ్డు వచ్చింది చెయ్యి. ఎవరి చెయ్యి అన్నది. మన దేశంలో ఆ ప్రశ్న వెనుక ఉన్నది కులమని అందరికీ తెలుసు. విదేశంలో కులం తెలియదు కాబట్టి మొత్తం దేశాన్నే అంటరానిది చేశాం.

అలాగని వీధి తిండంతా అమృతమని నేను అనడం లేదు. 2023 సెప్టెంబరులో హోయి ఆన్‌లో పేరున్న ఒక బాన్ మీ దుకాణంలో తిన్న 300 మందికి పైగా జబ్బుపడ్డారు. సాల్మొనెల్లా బయటపడింది. రొట్టెలో పచ్చికూర, పాతే, పచ్చిగుడ్డుతో చేసే మయొనీజ్ లాంటివి వేడి తగలకుండా గంటల తరబడి ఉంటే ప్రమాదం. కొన్ని బియ్యప్పిండి వంటల్లో, మాంసం ముద్దల్లో బిగువు కోసం బోరాక్స్ కలిపే దురలవాటూ అక్కడ ఉంది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కాబట్టి జాగ్రత్త కావాలి. కానీ దేన్ని చూసి జాగ్రత్తపడాలి? నేను చూసినవి ఇవి. నా కళ్ళముందు పొగలు కక్కుతూ దిగిందా లేక పొద్దుటిదా. జనం ఎక్కువగా ఉండి సరుకు నిలవ ఉండకుండా పోతోందా. డబ్బు తీసుకునే చెయ్యి, వడ్డించే చెయ్యి ఒకటేనా. ఆకుకూరలు ఏ నీళ్ళలో కడుగుతున్నారు. ఈ లెక్కన బొగ్గుల మీద కాలుతున్న బాన్ కాన్ పాస్. చల్లటి పాతే పూసిన రొట్టె వద్దు. ఇదే లెక్కన పొద్దున్న ఆరింటికి కట్టి, మధ్యాహ్నం రెండింటికి వెచ్చటి బస్సులో విప్పిన మా పులిహోర పొట్లానికి కూడా అబ్జెక్షన్ రాయాల్సిందే. చింతపండు పులుపు ఉంది కాబట్టి సరిపోయింది, పెరుగన్నం పక్కన పెట్టాను. సూక్ష్మజీవికి వేడి తెలుసు, పులుపు తెలుసు, గడిచిన గంటలు తెలుసు. గోత్రం తెలియదు.

మడి చేసే అసలు హాని ఇదే. అది జాగ్రత్త వేషం వేసుకుని వస్తుంది. చూడాల్సిన చేతి శుభ్రతని వదిలి చేతి పుట్టుకని చూడమంటుంది. మనవాళ్ళు వండారు కాబట్టి చల్లారిన అన్నం కూడా మంచిదే అనిపిస్తుంది. పరాయివాళ్ళు వండారు కాబట్టి సెగలు కక్కేది కూడా చెడ్డదే అనిపిస్తుంది. గొప్ప చేసే హాని కూడా అలాంటిదే. ఆ కుంపటి ముందు కూర్చున్న ఆవిడ తన నేర్పుతో చేసినదాన్ని ఆవిడ చేతిలోంచి లాక్కుని, ఎప్పుడో చనిపోయిన మన రాజుకి కట్టబెడుతుంది.

హేతువాదులమైన మనం ఉపన్యాసాల్లో జ్యోతిష్యాన్ని, బాబాలని బాగానే ఎండగడతాం. భోజనాల దగ్గర మాత్రం మెత్తబడతాం, తిండి గొడవెందుకులే అని. నా అభిప్రాయంలో గొడవ మొదలవ్వాల్సింది అక్కడే. ఈసారి ఎవరైనా ఒక పరాయి వంటకాన్ని చూపించి "ఇది మనదే" అంటే వాదనకి దిగకండి. రెండు ప్రశ్నలు వేయండి. వోచర్ ఏది? మనదే అయితే తినడానికి అభ్యంతరం ఏమిటి? మొదటిదానికి జవాబు వెతికితే చరిత్ర కాస్త చదువుతారు. రెండోదానికి జవాబు వెతికితే తమ గురించి కాస్త తెలుసుకుంటారు.